కరీంనగర్, ఆదిలాబాద్ ఇండ్లలో అగ్ని భద్రత నియమాల చరిత్ర

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నివాస గృహాల అగ్ని భద్రత నియమాలు మూడు దశల్లో రూపుదిద్దుకున్నాయి. మొదటి దశలో రాతలో ఉన్న చట్టం లేదు. ఇల్లు కట్టే తీరు, ఊరి వాడుక ఉండేవి. రెండో దశలో వచ్చిన మున్సిపల్ చట్టాలు ఇంటి కప్పు మీద, ఇంట్లో నిల్వ చేసే సరుకు మీద ఆంక్షలు పెట్టాయి. 1999 తర్వాతి మూడో దశలో భవనం ఎత్తు కొలమానమైంది. ఈ ప్రాంతపు ఇండ్లలో చాలా భాగం ఆ కొలతకు కిందనే ఉండటంతో చట్టం బలపడినంతగా దాని పరిధిలోకి వచ్చే ఇండ్లు పెరగలేదు. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలను విభజించాక కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. నియమాలు అన్నిచోట్లా ఒకటే అయినా ఇండ్లు, వాటిలో సాగే పనులు చోటుకొక రకం.

చట్టానికి ముందు

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం తొలి సగం దాకా రెండు రకాల ఇండ్లు ఎక్కువ. స్తోమత ఉన్నవాళ్లవి మట్టి గోడల గూనపెంకుటిండ్లు. వాటిలో పెద్దవి భవంతులు: నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ వసారా, టేకు దూలాలు, వాసాలు, పైన గూనపెంకులు. మందపాటి మట్టిగోడ అంత సులభంగా అంటుకోదు, పెంకు అసలే అంటుకోదు. కానీ దూలం, వాసం, అటక అన్నీ కట్టెవే కావడంతో లోపల మొదలైన మంట కప్పును కూల్చగలదు. పేదలవి గడ్డి కప్పిన గుడిసెలు. గోడ మట్టిదైనా, తడికెదైనా పైకప్పు వరిగడ్డి, బోద లేదా తాటాకు. పొయ్యి నుంచి లేచిన ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ ప్రాంతపు ఎండలు ప్రమాదాన్ని పెంచుతాయి. రామగుండం, ఆదిలాబాద్ చుట్టుపక్కల మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. కోతలైపోయి గడ్డి, సొప్ప, కంది కట్టె, పత్తి కట్టె ఊళ్లోకి చేరి ఎండేది కూడా వేసవి నెలల్లోనే. చెరువులు, బావులు అడుగంటేదీ అప్పుడే. గడ్డివామును ఇంటికి ఎడంగా, కొట్టం దగ్గరో కళ్లం దగ్గరో వేయడం, కుమ్మరి కుండలు కాల్చే చోటును ఇండ్లకు దూరంగా ఉంచడం వంటి జాగ్రత్తలే అప్పటి భద్రతా నియమాలు. వాటిని అమలు చేయించే అధికారి లేడు. పాటించకపోతే నష్టం ఒక ఇంటితో ఆగదు కాబట్టి ఇరుగుపొరుగే కాపలా.

ఆదిలాబాద్ అడవుల్లో పరిస్థితి వేరు. గోండు, కొలాం గూడేల్లో ఇండ్లు వెదురు తడికెలు, మట్టి పూత, టేకు గుంజలు, గడ్డి కప్పుతో లేచేవి. చేనును, గూడేన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకునే జీవనానికి అలాంటి తేలిక ఇల్లే అనువు. 1941 నుంచి ఆదిలాబాద్‌లో ఉండి గోండుల జీవితాన్ని పరిశోధించిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1948లో రాజ్‌గోండుల మీద ప్రచురించిన గ్రంథంలో ఆ ఇండ్ల తీరు కనిపిస్తుంది. ఇలాంటి ఇండ్లకు నిప్పు ప్రమాదవశాత్తునే కాక ప్రభుత్వం వైపు నుంచీ వచ్చింది. నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేసినప్పుడు వాటి లోపలి గూడేలను ఖాళీ చేయించడానికి అటవీ సిబ్బంది ఇండ్లను తగలబెట్టిన ఘటనలు జరిగాయి. 1940లో కుమ్రం భీం నాయకత్వాన జోడేఘాట్ కేంద్రంగా సాగిన పోరాటం వెనుక ఈ దౌర్జన్యాలూ ఉన్నాయి.

మున్సిపల్ చట్టాలు: కప్పు, సరుకు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసిన తర్వాత స్థానిక సంస్థలకు కొత్త చట్టాలు వచ్చాయి. 1951లో హైదరాబాద్ మున్సిపల్, టౌన్ కమిటీల చట్టం, 1956లో హైదరాబాద్ జిల్లా మున్సిపాలిటీల చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా, రాయలసీమల్లో అమల్లో ఉన్న మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం (1920), తెలంగాణలోని చట్టం రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం, 1965 వచ్చింది. తెలంగాణ మున్సిపాలిటీలు 2019 వరకు దీని కిందనే నడిచాయి.

మద్రాసు చట్టం నుంచి సంక్రమించిన ఒక నియమం ఇండ్ల అగ్ని భద్రతకు మూలం. గుడ్డ, గడ్డి, ఆకులు, చాపలు వంటి మండే సామగ్రితో ఇంటి బయటి కప్పు గానీ, వరండా, పందిరి, గోడ గానీ కట్టాలంటే పురపాలక సంఘం అనుమతి ఉండాలి. పట్టణంలో ఇండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒక గడ్డికప్పు వీధినంతా ప్రమాదంలో పడేస్తుందన్నది దీని వెనుక తర్కం. దీనికి తోడు లైసెన్సు నియమాలు వచ్చాయి. గడ్డి, కట్టెలు, కిరోసిన్ వంటి మండే సరుకును ఎక్కువ మొత్తంలో నిల్వ చేసినా, ప్రమాదకరమని షెడ్యూలులో చేర్చిన వ్యాపారం నడిపినా లైసెన్సు తీసుకోవాలి. కట్టె కోత మిల్లులు, టింబర్ డిపోలు, జిన్నింగ్ మిల్లులు ఇండ్ల నడుమ వెలిసిన పట్టణాలకు ఈ నియమం ముఖ్యమైనది.

ఈ చట్టానికి రెండు పరిమితులు. ఒకటి, అది మున్సిపాలిటీ హద్దుతో ఆగిపోతుంది. పల్లెలు 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టం కింద ఉండేవి. అక్కడ గడ్డికప్పుకు ప్రత్యామ్నాయం చూపలేని స్థితిలో నిషేధం పెట్టి లాభం లేదు. రెండోది, పట్టణంలోనూ గుడిసె కట్టుకునే కుటుంబం సాధారణంగా పట్టా లేని జాగాలో ఉంటుంది. అనుమతికి దరఖాస్తు పెట్టే అర్హతే లేనివాళ్లకు అనుమతి నియమం అందదు. నిప్పు ప్రమాదం ఎవరికి ఎక్కువో నియమం వాళ్లనే తాకలేదు.

కప్పు మార్చిన గృహ పథకాలు

ఇండ్లను నిప్పు నుంచి నిజంగా కాపాడింది అగ్నిమాపక చట్టాల కంటే గృహ నిర్మాణ పథకాలే. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1980 దశకంలో బలహీన వర్గాలకు పక్కా ఇండ్ల నిర్మాణం పెద్ద ఎత్తున సాగింది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది, 2006లో రాష్ట్రంలో ఇందిరమ్మ పథకం మొదలైంది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో డబుల్ బెడ్‌రూమ్ ఇండ్ల పథకం వచ్చింది. ఇటుక గోడ, స్లాబు వేసిన చోటల్లా గడ్డికప్పు తగ్గింది. స్లాబు వేయలేనివాళ్లు సిమెంటు రేకులకు మారారు.

వంట ఇంధనమూ మారింది. 1999లో మొదలైన దీపం పథకం స్వయం సహాయక సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం గ్యాస్ వాడకాన్ని మరింత విస్తరించింది. కట్టెల పొయ్యి రవ్వల ప్రమాదం తగ్గి, దాని చోటులో సిలిండర్ ప్రమాదం వచ్చింది. ఇంట్లో ఒక మూల మొదలైన మంట సిలిండర్‌ను చేరితే పేలుడు ఇంటి గోడలతో ఆగదు. గడ్డికప్పు, గ్యాస్ సిలిండర్ రెండూ ఒకే గుడిసెలో ఉన్నప్పుడు పాత ప్రమాదం, కొత్త ప్రమాదం కలిసిపోతాయి. 2024 ఫిబ్రవరిలో కరీంనగర్ పట్టణంలోని ఒక గుడిసెల కాలనీలో జరిగింది ఇదే. మంటలు ఒక గుడిసె నుంచి మరోదానికి పాకి సిలిండర్లు పేలాయి. చాలా కుటుంబాలు మేడారం జాతరకు వెళ్లిన సమయమది.

ఇలాంటి ఘటనల తర్వాత రెవెన్యూ సిబ్బంది పంచనామా రాసి నష్టం అంచనా వేస్తారు. 2022 నుంచి 2026 వరకు వర్తించే విపత్తు సహాయ నిధి ప్రమాణాల ప్రకారం పూర్తిగా పోయిన గుడిసెకు 8,000 రూపాయలు, పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు సహాయంగా నిర్ణయించారు. పరిహారంలోనూ కప్పే తేడా తెస్తుంది.

1999 చట్టం: ఎత్తు లెక్క

దేశంలో భవన భద్రతకు ప్రామాణిక గ్రంథమైన జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లో వెలువడింది. 1983లో, 2005లో, 2016లో దాన్ని సవరించారు. నాలుగో భాగం అగ్ని భద్రతకు సంబంధించింది. అది భవనాలను వాడకాన్ని బట్టి వర్గీకరిస్తుంది. నివాస భవనాలు మొదటి వర్గం. అందులో లాడ్జీలు, ఒకటి రెండు కుటుంబాల ఇండ్లు, వసతి గృహాలు, అపార్ట్‌మెంట్లు, హోటళ్లు విడివిడి ఉపవర్గాలు. అయితే ఈ స్మృతి సిఫార్సు మాత్రమే. రాష్ట్రం తన నియమాల్లో చేర్చుకున్నంత మేరకే దానికి చట్టబలం ఉంటుంది.

ఆ బలం ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం, 1999. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలు ప్రమాదంలో 59 మంది మరణించాక దేశమంతా భవనాల అగ్ని భద్రత మీద చర్చ నడుస్తున్న రోజులవి. అంతకుముందు ప్రధానంగా మంటలార్పే సంస్థగా ఉన్న అగ్నిమాపక శాఖకు కట్టడాల అనుమతుల్లో ఈ చట్టంతో చోటు దక్కింది. 2006లో దీని కింద ఫీజులు, తనిఖీల నియమాలు వచ్చాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఇదే చట్టాన్ని కొనసాగించింది. దాన్ని అమలు చేసేది రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ.

చట్టం ప్రకారం అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, జనం మాటల్లో ఫైర్ ఎన్‌ఓసీ, మూడు రకాల కట్టడాలకు అవసరం. వాణిజ్య భవనాలైతే 15 మీటర్లు దాటినవి. నివాస భవనాలైతే 18 మీటర్లు, ఆపైన. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లయితే 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 6 మీటర్లు, ఆపై ఎత్తుతో గానీ ఉన్నవి. నిర్మాణానికి ముందు తాత్కాలిక పత్రం, పూర్తయ్యాక తనిఖీ చేసి తుది పత్రం ఇస్తారు.

ఎత్తును కొలమానంగా తీసుకోవడానికి కారణం తేలికే. మామూలు ఫైరింజన్ మీద తీసుకెళ్లే నిచ్చెన మూడు నాలుగంతస్తులకు మించి అందదు. అంతకు పైనున్న వాళ్లు మెట్ల మీదుగానే దిగాలి, అంత పైకి నీళ్లు భవనంలోని పైపుల నుంచే అందాలి. అందుకే ఎత్తైన అపార్ట్‌మెంట్‌కు రెండు మెట్ల దారులు, అంతస్తు అంతస్తుకు హోజ్ రీల్, నీటి పైపు, చేతితో నొక్కే అలారం తప్పనిసరి అవుతాయి. జాతీయ స్మృతి 2005 కూర్పు 15 నుంచి 35 మీటర్ల అపార్ట్‌మెంట్లకు డాబా మీద 25,000 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 900 లీటర్లు తోడే పంపు చెప్పింది.

2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు జీవో రాష్ట్రంలోని మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు ఉమ్మడి భవన నియమాలు తెచ్చింది. ఇందులోనూ 18 మీటర్లు, ఆపైన ఉన్నదే బహుళ అంతస్తుల భవనం. అలాంటిదానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. 21 మీటర్ల ఎత్తు వరకు 12 మీటర్ల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డు వెడల్పు, ఖాళీ పెరుగుతాయి. ఫైరింజన్ లోపలికొచ్చి భవనాన్ని చుట్టి రావడానికి ఆ జాగా. చిన్న ప్లాట్లలోని ఇండ్లకు పక్కన వదలాల్సింది మీటరో, మీటరున్నరో. మరీ చిన్న ప్లాట్లకు అదీ లేదు.

కొలతకు కింద మిగిలినవి

జాతీయ స్మృతి ఎత్తైన భవనానికి 15 మీటర్ల గీత గీస్తే రాష్ట్ర నియమాలు నివాసాలకు 18 దగ్గర గీశాయి. తేడా మూడు మీటర్లు, అంటే ఒక అంతస్తు. కరీంనగర్ వంటి పట్టణాల్లో ఆ ఒక్క అంతస్తే కీలకం. కరీంనగర్ 2005లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. రామగుండం, మంచిర్యాల ఆ తర్వాత ఆ హోదా పొందాయి. ఈ పట్టణాల్లో సాధారణంగా కనిపించేది కింద స్టిల్టు పార్కింగు, పైన నాలుగైదు అంతస్తులున్న అపార్ట్‌మెంట్. పార్కింగు అంతస్తుతో కలిపినా అలాంటి కట్టడం సాధారణంగా 18 మీటర్లలోపే ముగుస్తుంది. ఒకే మెట్ల దారి, కింద బండ్లు, ఒక మూలన కరెంటు మీటర్ల బోర్డు, దాని పక్కనే మెట్ల మొదలు. స్టిల్టులో మంట లేస్తే పొగ మెట్ల దారినే పట్టుకుని పైకి పోతుంది. ప్రాణాలు తీసేది ఎక్కువగా ఆ పొగే.

పార్కింగులో చార్జింగ్ పెట్టే ఎలక్ట్రిక్ బండ్లు ఈ ప్రమాదాన్ని పెంచాయి. 2022 ఏప్రిల్‌లో పొరుగు జిల్లా నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించారు. దేశంలో అలాంటి ఘటనలు వరుసగా జరగడంతో కేంద్రం బ్యాటరీల ప్రమాణాలను సవరించింది. అవి ఆ ఏడాది డిసెంబరు నుంచి దశలవారీగా అమలయ్యాయి. మార్పు బండి తయారీలో వచ్చింది. దాన్ని నిలిపే చోటు గురించి పట్టించుకునేంత దూరం 2012 నాటి నియమాలు చూడలేదు.

ఎత్తు లెక్కకు అందని మరో సంగతి, ఇంట్లోనే సాగే పని. సిరిసిల్లలో మరమగ్గాలు చాలావరకు ఇండ్లకు ఆనుకున్న షెడ్లలో, కొన్నిచోట్ల ఇంటి ముందు గదుల్లోనే నడుస్తాయి. నూలు పోగులు, గాలిలో తేలే దూది దుమ్ము, రోజంతా వేడెక్కే మోటార్లు ఒకే కప్పు కింద ఉంటాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీ కార్మికుల ఇండ్లలో ఎండు తునికాకు ఉంటుంది. ఆదిలాబాద్ పల్లెల్లో పత్తి ఏరిన తర్వాత, ధర కుదిరి మార్కెట్‌కు తోలే దాకా, ఇంట్లోనే ఒక గది నిండా పోసి ఉంచుతారు. ఒక వైరు కాలినా, ఒక అగ్గిపుల్ల పడినా పంటతో పాటు ఇల్లూ పోతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి కాలనీల్లో బొగ్గు పొయ్యిలు చాలాకాలం నడిచాయి. కంపెనీ క్వార్టరు ఇటుకదే అయినా దాని పక్కన వేసుకున్న రేకుల షెడ్డు, వంటపాక కార్మికుడి సొంత కట్టుబడి. పై ఇండ్లన్నీ ఒకటి రెండంతస్తులవి. వీటిలో ఏదీ 1999 చట్టం నివాసాలకు గీసిన గీతను తాకదు. లైసెన్సు నియమం వర్తించే చోటా దాన్ని పెద్ద గోదాముల మీద అమలు చేసినట్టు ఇండ్ల మీద అమలు చేయరు.

క్రమబద్ధీకరణ నుంచి స్వీయ ధ్రువీకరణ దాకా

అనుమతికి మించి కట్టిన అంతస్తులు, వదలాల్సిన ఖాళీని మింగేసిన కట్టడాలు పెరిగేకొద్దీ ప్రభుత్వాలు అపరాధ రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకాలు తెచ్చాయి. 2007 డిసెంబరులో భవనాల అపరాధ రుసుము పథకం, 2015లో తెలంగాణలో భవనాల క్రమబద్ధీకరణ పథకం వచ్చాయి. అగ్ని భద్రత కోణంలో చూస్తే ఇక్కడో చిక్కుంది. మింగిన ఖాళీ స్థలమే ఫైరింజన్ దారి, పక్కింటికి మంట పాకకుండా ఆపే ఎడం. రుసుము కడితే అతిక్రమణ చట్టబద్ధం అవుతుంది గానీ ఆ ఎడం తిరిగి రాదు. ఈ రెండు పథకాల మధ్య వచ్చిన 2012 నియమాలు ఇలాంటి అతిక్రమణను ముందుగానే అరికట్టబోయాయి. నిర్ణీత పరిమాణం దాటిన కట్టడాల్లో 10 శాతం నిర్మాణ విస్తీర్ణాన్ని పురపాలక సంఘానికి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టినట్టు నివాసయోగ్యత పత్రం వచ్చాకే దాన్ని విడిపిస్తారు.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 పాత 1965 చట్టం స్థానంలో వచ్చింది. 2020లో టీఎస్ బీపాస్ చట్టం అనుమతుల పద్ధతినే మార్చింది. 75 చదరపు గజాలలోపు ప్లాటులో చిన్న ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి రుసుముతో నమోదు చాలు. 600 చదరపు గజాల వరకు, 10 మీటర్లలోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి ఏకగవాక్ష విధానం. తప్పుడు ధ్రువీకరణ ఇస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఉంది. లంచాలు, జాప్యం తగ్గించడానికి తెచ్చిన ఈ పద్ధతిలో మామూలు ఇంటి భద్రత బాధ్యత కట్టుకునేవాళ్ల మీద, వాళ్ల ఇంజినీరు మీద పడింది. కట్టకముందు చూసే కన్ను పోయి, కట్టాక చూసే కన్ను మిగిలింది.

ఆ తర్వాతి ఏండ్లలో హైదరాబాద్‌లో జరిగిన రెండు ప్రమాదాలు 18 మీటర్ల గీతకు బయటి ప్రమాదాలను చూపాయి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో రసాయనాలు నిల్వ చేసిన అపార్ట్‌మెంట్‌లో మంటలు లేచి కనీసం 9 మంది చనిపోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న పాత ఇంట్లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది మరణించారు. వాళ్లలో 8 మంది పిల్లలు. బయటపడటానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. రెండుచోట్లా ప్రాణం తీసింది భవనం ఎత్తు కాదు. కింద పెట్టిన సరుకు, వాడకం, మెట్లు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ పాత బజార్లలో కింద దుకాణం, పైన కాపురం ఉన్న ఇండ్లకు ఈ రెండూ దగ్గరి పోలికలు.

ప్రస్తుతం ఈ ప్రాంతంలో ఇంటికి వర్తించే నియమాలు ఎత్తును బట్టి మూడు మెట్లుగా ఉన్నాయి. 10 మీటర్లలోపు చిన్న ప్లాట్ల ఇండ్లు స్వీయ ధ్రువీకరణ కింద, 10 నుంచి 18 మీటర్లలోపు అపార్ట్‌మెంట్లు మున్సిపల్ ప్లాను తనిఖీ కింద, 18 మీటర్లు, ఆపై భవనాలు అదనంగా అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కింద ఉన్నాయి. అగ్నిమాపక కేంద్రాలు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వంటి పట్టణాల్లో ఉన్నాయి. 101కు ఫోన్ చేస్తే కదులుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుళ్లలో చనిపోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా దేశమంతా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిపే అగ్నిమాపక వారోత్సవాలు ఈ ప్రాంతంలో సరిగ్గా ఎండలు ముదిరే రోజుల్లో వస్తాయి. మొదటి రెండు మెట్ల ఇండ్లలో ఉండేవాళ్లకు ఈ శాఖ అందించేది అప్పుడు సాగే ఆ ప్రచారం, ప్రమాదం జరిగాక వచ్చే ఫైరింజను. మగ్గం, పత్తి, దుకాణం ఉన్న ఇంటిని దాని ఎత్తును బట్టి కాక వాడకాన్ని బట్టి ముందుగానే తనిఖీ చేసే నియమం ఈ వరుసలో లోపించిన మెట్టు.